మొగ్గ తొడిగే కణం చెప్పిన పాఠం

రొట్టెను పొంగించే ఈస్ట్‌కీ, మనిషిని కుంగదీసే క్యాన్సర్‌కీ ఏమిటి సంబంధం? ఆ ముడి విప్పిన శాస్త్రవేత్త లీలాండ్ హార్ట్‌వెల్. అందుకు ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ తర్వాత ఆయన ఎంచుకున్న పని ఇంకా ఆసక్తికరం... చిన్నబడుల్లో టీచర్లు కాబోయేవాళ్లకి సైన్సు పాఠాలు చెప్పడం!

కృష్ణా డెల్టాలో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడికి ఈస్ట్ అనే పేరు తెలియకపోవచ్చు. దాని పని మాత్రం బాగా తెలుసు. కుండ లోపల సున్నం రాసి చెట్టుకు కడితే పొద్దున్నే తియ్యటి నీరా దిగుతుంది. సున్నం రాయని కుండలోకి చేరేది కల్లు. అంతే తేడా! సున్నం అడ్డు లేకపోతే కంటికి కనిపించని జీవులు ఆ తీపిని తింటూ, నురగ తెప్పిస్తూ, పులిపిస్తూ పోతాయి. వాటిలో ముఖ్యమైనది ఈస్ట్. విజయవాడ బేకరీల్లో బన్నుల పిండి పొంగేదీ ఆ జాతి వల్లే. దాని శాస్త్రీయ నామం శాకరోమైసిస్ సెరివిసియే.

ఒంటంతా కలిపి ఒకే ఒక్క కణం. రెండొందల ఈస్ట్ కణాలను పక్కపక్కన పేరిస్తే మిల్లీమీటరు పొడవు వస్తుందేమో! తిండి, వెచ్చదనం దొరికితే గంటన్నరలో ఒకటి రెండవుతుంది. ఒంటి మీద చిన్న మొగ్గ తొడుగుతుంది. అది పెరిగి పెరిగి తల్లిని వదిలి విడిపోతుంది.

బైపీసీ చదివే పిల్లలకు కణవిభజన పాఠం కంఠతా వచ్చు. ప్రొఫేజ్, మెటాఫేజ్, అనాఫేజ్, టీలోఫేజ్... బెజవాడ కాలేజీ హాస్టళ్లలో ఏ గదిలోకి తొంగిచూసి అడిగినా ఠక్కున చెబుతారు. మరి ఒక పని పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టాలని కణానికి ఎలా తెలుస్తుంది? ఎప్పుడు మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో చెప్పేదెవరు? దశల పేర్లు పెట్టిన తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఈ ప్రశ్నకు ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

మందు ముందు... కారణం తర్వాత!

ఈ ప్రశ్న ఎంత విలువైనదో తెలియాలంటే మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావును ఒకసారి తలచుకోవాలి. అమెరికాలోని లెడర్లీ లేబొరేటరీస్‌లో ఆయన బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. కణం రెండవ్వాలంటే ముందు డీఎన్‌ఏకి నకలు రాసుకోవాలి. దానికి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కావాలి. ఈ మందు ఆ విటమిన్ పని సాగనివ్వదు. 1948లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు దాన్ని ఇస్తే పదిమందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. అప్పట్లో అది పెద్ద అద్భుతమే. సుబ్బారావు అదే ఏడాది కన్నుమూశారు.

విభజనను అడ్డుకుంటే క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని అలా తేలింది. కానీ అసలు కణం పగ్గాలు ఎవరి చేతిలో ఉంటాయి? మంచి కణం ఎందుకు ఆగుతుంది, చెడ్డ కణం ఎందుకు ఆగదు? ఆ సంగతి తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

చిన్న కాలేజీ నుంచి పెద్ద ప్రశ్న దాకా

హార్ట్‌వెల్ 1939లో లాస్‌ఏంజెలిస్‌లో పుట్టారు. హైస్కూలు అయ్యాక చేరింది ఏ పేరుమోసిన విశ్వవిద్యాలయంలోనో కాదు... ఊళ్లో ఉన్న గ్లెండేల్ జూనియర్ కాలేజీలో. ఏడాది తర్వాత కాల్టెక్‌కు మారారు. 1961లో అక్కడ డిగ్రీ, 1964లో ఎంఐటీలో పీహెచ్‌డీ పూర్తయ్యాయి. తర్వాత కొంతకాలం రెనాటో డల్బెకో దగ్గర జంతుకణాల మీద పనిచేశారు. 1965లో కొత్తగా తెరిచిన అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉద్యోగం.

క్యాన్సర్ రహస్యం తేల్చాలంటే మనిషి కణాలనో, ఎలుక కణాలనో తీసుకోవాలనుకోవడం సహజం. చాలామంది చేసిందీ అదే. హార్ట్‌వెల్‌కు అక్కడే చిక్కొచ్చింది. ఆ కణాల్లో ప్రతి జన్యువూ రెండేసి నకళ్లుగా ఉంటుంది. ఒకటి చెడినా రెండోది పని నడిపించేస్తుంది. ఏ జన్యువు ఏ పని చేస్తోందో విడదీసి చూడటానికి అప్పట్లో దారులు లేవు.

ఈస్ట్‌లో ఆ బాధ లేదు. దాన్ని ఒంటి నకలుతోనూ పెంచవచ్చు. జన్యువు చెడితే ఫలితం వెంటనే బయటపడుతుంది. గంటన్నరకో తరం. ఖర్చు తక్కువ. పైగా బ్యాక్టీరియాలో లేని కేంద్రకం ఇందులో ఉంటుంది, మన కణాల్లాగే. ‘పులిసే పిండిలోని పురుగు క్యాన్సర్ గురించి ఏం చెబుతుంది?’ అని అనుమానపడే రోజుల్లో ఆయన దాన్ని నమ్ముకున్నారు. 1968లో ఈస్ట్ జన్యుశాస్త్రానికి పేరున్న సియాటిల్‌కు, వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి మారారు.

చచ్చిన కణాన్ని అడిగేదెలా?

ఇక్కడో ఇరకాటం ఉంది. విభజన నడిపే జన్యువు పాడైతే కణం పెరగదు. పెరగని కణాన్ని దాచుకోవడం ఎలా, పరీక్షించడం ఎలా?

హార్ట్‌వెల్ వేడిని ఆసరాగా తీసుకున్నారు. ఈస్ట్ జన్యువుల్లో మార్పులు వచ్చేలా రసాయనం కలిపి, 23 డిగ్రీల దగ్గర చక్కగా పెరుగుతూ 36 డిగ్రీల దగ్గర మాత్రం ఆగిపోయే రకాలను ఏరారు. చల్లగా ఉన్నంతసేపూ అవి మామూలు ఈస్టే. వేడి పెంచగానే చెడిన జన్యువు చేయించే ప్రొటీన్ చేతులెత్తేస్తుంది. అలాంటివి దాదాపు 400 రకాలు పోగయ్యాయి. ఆ వివరాలు 1967లో ప్రచురించారు.

ఆగిపోయినవి సరే, దేనికి ఆగిపోయాయి? కొన్ని ప్రొటీన్లు తయారుకాక ఆగుతాయి. కొన్ని ఇంకేదో లోపంతో. విభజన దగ్గరే చిక్కుకున్నవి వాటిలో ఏవి? దీనికి దారి చూపింది డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడి కెమెరా! పేరు బ్రయన్ రీడ్. హార్ట్‌వెల్ ప్రయోగశాలలో పనిచేస్తూ, వేడి పెంచినప్పుడు ఒకసారి, కొన్ని గంటల తర్వాత మరోసారి అవే కణాలకు సూక్ష్మదర్శినిలోంచి ఫొటోలు తీశాడు.

మొదటి ఫొటోలో కణాలు కలగాపులగంగా ఉన్నాయి. కొన్నిటికి మొగ్గే లేదు, కొన్నిటికి చిట్టి మొగ్గ, కొన్నిటికి తల్లంత మొగ్గ. రెండో ఫొటోలో విచిత్రం... కొన్ని రకాల్లో కణాలన్నీ ఒకేలా ఆగి ఉన్నాయి! ఒక రకంలో అన్నిటికీ పెద్ద మొగ్గలే. ఇంకో రకంలో దేనికీ మొగ్గ లేదు. అంటే ఆ జన్యువు పని పడే చోటు వచ్చేవరకూ కణాలు నడిచాయి, అక్కడికి రాగానే నిలబడిపోయాయి. మొగ్గ సైజు చూస్తే చాలు, విభజన ఎంతవరకూ వచ్చిందో తెలిసిపోతుంది. గడియారంలో ముల్లు చూసినట్టే!

1970లో వెలువడిన ఆ పరిశోధన పత్రం మీద మూడు పేర్లున్నాయి... హార్ట్‌వెల్, జోసెఫ్ కులోటీ, బ్రయన్ రీడ్. డిగ్రీ విద్యార్థి పేరు కూడా ప్రొఫెసర్ పేరు పక్కనే.

అలా దొరికిన జన్యువులకు సీడీసీ అని పేరుపెట్టి వరసగా అంకెలిచ్చారు. క్రమంగా వాటి సంఖ్య వంద దాటింది. వాటిలో 28వది అన్నిటికన్నా ముఖ్యమైనదని తేలింది. కణం విభజనకు తొలి అడుగు వెయ్యాలా వద్దా అన్నది దాని చేతిలోనే ఉంటుంది. ఆ చోటికి హార్ట్‌వెల్ బృందం పెట్టిన పేరు ‘స్టార్ట్’.

లాకుల దగ్గర ఆగిన పడవ

వెనకటి రోజుల్లో బందరు కాలువలో, ఏలూరు కాలువలో పడవలు తిరిగేవి. లాకుల దగ్గర పడవ ఆగాల్సిందే. వెనక తలుపు మూసి, లోపలి నీరు ముందున్న కాలువ మట్టానికి వచ్చాకే ముందు తలుపు తెరుస్తారు. సరంగు ఎంత తొందరపడినా లాభం లేదు.

కణంలోనూ అలాంటి లాకులున్నాయని 1988లో టెడ్ వీనర్ట్, హార్ట్‌వెల్ కలిసి చూపించారు. ఎక్స్‌రేలు తగిలితే డీఎన్‌ఏ తెగుతుంది. మామూలు ఈస్ట్ అప్పుడు విభజన ఆపేసి, తెగిన చోట అతుకు వేసుకుని, ఆ తర్వాతే ముందుకు కదులుతుంది. రాడ్‌-9 అనే జన్యువు చెడిన ఈస్ట్‌కు ఆగడం తెలియదు. తెగిన డీఎన్‌ఏతోనే రెండుగా చీలిపోయి చచ్చిపోతుంది.

అసలు కిటుకు తర్వాతి ప్రయోగంలో ఉంది. ఆ లోపమున్న ఈస్ట్‌కే ఎక్స్‌రే తగిలించి, ఒక మందుతో కొన్ని గంటలు బలవంతంగా ఆపి ఉంచారు. వాటిలో చాలా కణాలు బతికాయి! అంటే వాటికి మరమ్మతు చేసుకోవడం వచ్చు. రానిదల్లా ఆగడమే. మన శరీరంలో క్యాన్సర్ కణాలది తరచు ఇదే తంతు. లాకులు పాడై, తప్పులు సరిదిద్దుకోకుండానే దూసుకుపోతుంటాయి. తప్పు మీద తప్పు పేరుకుంటుంది.

ఫ్రెంచి తప్పిన నోబెల్ విజేత

హార్ట్‌వెల్‌తో పాటు 2001 వైద్య నోబెల్‌ను మరో ఇద్దరు పంచుకున్నారు. ఇద్దరూ ఇంగ్లండువాళ్లే.

ఒకరు పాల్ నర్స్. ఫ్రెంచి పరీక్ష ఆరుసార్లు తప్పి, యూనివర్సిటీ సీటు రాక కొంతకాలం బీరు కంపెనీ ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసిన మనిషి. తర్వాత ఆయన ఎంచుకున్నది ఇంకో రకం ఈస్ట్... తూర్పు ఆఫ్రికాలో చిరుధాన్యాలతో కాచే బీరులో మొదట దొరికింది. దాని పేరులోని ‘పాంబే’ అనే మాటకు స్వాహిలీ భాషలో అర్థం బీరే. హార్ట్‌వెల్ 28వ జన్యువుకు జోడీని నర్స్ అందులో పట్టుకున్నారు. 1987లో ఆయనా, మెలనీ లీ కలిసి మనిషి జన్యువులను తెచ్చి, ఆ జన్యువు చెడిన ఈస్ట్‌లో పెట్టి చూశారు. వాటిలో ఒక మనిషి జన్యువు ఈస్ట్‌లో చక్కగా పనిచేసింది! వంద కోట్ల ఏళ్లకు పైగా వేరువేరు దారుల్లో నడిచిన రెండు జీవులు. అయినా విభజన మీట మాత్రం మారలేదు.

రెండోవారు టిమ్ హంట్. 1982 వేసవిలో అమెరికా సముద్రతీరంలోని వుడ్స్‌హోల్‌లో విద్యార్థులకు పాఠాలు చెప్పడానికి వెళ్లారు. ఆ ఖాళీలో సముద్రపు అర్చిన్ గుడ్ల మీద చిన్న ప్రయోగం చేస్తుంటే, ప్రతి విభజనకూ పెరిగి, అంతలోనే మాయమయ్యే ప్రొటీన్ కంటపడింది. అదే సైక్లిన్. 28వ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌కు అది తాళంచెవి లాంటిది. అది అతుక్కుంటేనే మీట కదులుతుంది.

ఈ జ్ఞానమంతా పుస్తకాల్లోనే ఉండిపోలేదు. ఇదే కుటుంబానికి చెందిన మీటలను బిగించేసే పాల్బోసైక్లిబ్ అనే మందుకు 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌లో కొన్ని రకాలకు దాన్ని వాడుతున్నారు. హార్ట్‌వెల్ ఈస్ట్ పళ్లేల ముందు కూర్చున్నప్పటి నుంచీ లెక్కేస్తే అర్ధశతాబ్దం!

ఇక ఈస్ట్ గౌరవం అమాంతం పెరిగిపోయింది. 1996లో కేంద్రకం ఉన్న జీవుల్లో మొట్టమొదట మొత్తం జన్యుపటం చదివింది దీన్నే. సుమారు 6 వేల జన్యువులు లెక్కతేలాయి. 2015లో టెక్సాస్ శాస్త్రవేత్తలు ఈస్ట్ బతకడానికి తప్పనిసరైన 414 జన్యువులను ఒక్కొక్కటిగా తీసి, మనిషిలోని వాటి జోడీలను పెట్టి చూస్తే దాదాపు సగం పనిచేశాయి. 2013లో రాండీ షెక్‌మన్‌కు, 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి నోబెల్ తెచ్చిపెట్టిన ప్రయోగాలూ ఈస్ట్ మీద చేసినవే.

నోబెల్ తర్వాత బడి

హార్ట్‌వెల్ 1997 నుంచి 2010 వరకూ సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రానికి అధిపతిగా ఉన్నారు. ఆ మధ్యలోనే సహ రచయితలతో కలిసి జన్యుశాస్త్ర పాఠ్యపుస్తకం రాశారు. 2000లో తొలి ముద్రణ వచ్చిన ఆ పుస్తకాన్ని ఎన్నో కాలేజీల్లో చదువుకున్నారు.

డెబ్భై దాటాక ఎవరైనా విశ్రాంతి తీసుకుంటారు. ఆయన అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ పరిశోధనతో పాటు మరో పని నెత్తికెత్తుకున్నారు. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల్లో టీచర్లు కావడానికి చదువుతున్నవాళ్ల కోసం ఒక సైన్సు కోర్సు తయారుచేశారు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, తిండి ఎలా పండుతోంది, కరెంటు దేనితో తయారవుతోంది, చెత్త ఎక్కడికి పోతోంది... ఇవీ అందులోని పాఠాలు. పరీక్ష రాయించి ఊరుకునే సైన్సు కాదు. పిల్లవాడు ఇంటికెళ్లి అమ్మానాన్నలను ప్రశ్నించగలిగే సైన్సు.

నోబెల్ విజేతకు ఐదో తరగతి టీచర్లతో ఏం పని? ఆయన జీవితం చూస్తే జవాబు దొరుకుతుంది. ఒక్క పరిశోధకుడు ఒక ప్రశ్న మీద ఏళ్లకేళ్లు కూర్చుంటాడు. ఒక్క టీచరు ఏటా ఒక తరగతి చొప్పున పాతికేళ్లు పాఠం చెబితే ఎన్ని వందల బుర్రల్లో ప్రశ్నలు మొలకెత్తుతాయో! వాళ్లలో ఒక్క బ్రయన్ రీడ్ ఉన్నా చాలు.

మన పిల్లల సంగతి?

సైన్సు చదువంటే కృష్ణా జిల్లాకు కొత్త కాదు. ఇంటర్మీడియట్ చదువుల రాజధానిగా విజయవాడ పేరు తెచ్చుకుని ఎన్నో ఏళ్లయింది. ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో ఇక్కడే వెలిసింది. డెల్టా ఊళ్లలో మడి చెక్కలు అమ్మయినా పిల్లను డాక్టరు చదివించాలనుకునే తల్లిదండ్రులకు లోటు లేదు. ఒకప్పుడు ఎంసెట్, ఇప్పుడు నీట్. పేరు ఏదైనా బైపీసీ అంటే ఆ ఒక్క ద్వారమే అనుకుంటాం. సీట్లు కొన్నే, పిల్లలు ఎందరో! ఆ ద్వారం తెరుచుకోని పిల్లలు ఓడిపోయినట్టు తలదించుకుని బీఎస్సీలో చేరతారు. ‘బీఎస్సీనా?’ అని చుట్టాలు సాగదీసి అడుగుతారు.

డాక్టరు రాసే మందు చీటీ వెనక ఎక్కడో ఒకచోట ఇలాంటి బీఎస్సీ విద్యార్థి తీసిన ఫొటో ఉంటుందని ఆ పిల్లలకు చెప్పేవాళ్లు కావాలి. జూనియర్ కాలేజీలో మొదలైన మనిషీ, ఫ్రెంచి తప్పిన మనిషీ ఒకే వేదిక మీద నోబెల్ అందుకున్నారని చెప్పాలి. టీచరు ఉద్యోగం ఇంకేదీ దొరకనివాళ్లకి కాదనీ, అన్నీ సాధించిన మనిషి కోరి ఎంచుకున్న పని అనీ కూడా చెప్పాలి. ఆరో తరగతిలో అర్థం కాని పాఠం సరిదిద్దకుండానే ఏడులోకీ, ఎనిమిదిలోకీ తోసేస్తే ఏమవుతుందో రాడ్‌-9 చెడిన ఈస్ట్ చూపించనే చూపించింది. కాస్త ఆపితే అది కూడా బతికింది.

ఈ ఆదివారం ఇంట్లోనే...

పిల్లలతో ఈ ప్రయోగం చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. బేకరీ సామాన్ల దుకాణంలో డ్రై ఈస్ట్ పొట్లం దొరుకుతుంది. మూడు స్టీలు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో ఫ్రిజ్ నీళ్లు, ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్లు, మూడోదాంట్లో బాగా మరిగిన నీళ్లు పోయండి. మరిగిన నీళ్లు మాత్రం పెద్దవాళ్లే పోయాలి. ఒక్కోదాంట్లో చెంచా పంచదార, అరచెంచా ఈస్ట్ కలపండి. చల్లటి గ్లాసును ఫ్రిజ్‌లోనే ఉంచండి. బెజవాడ ఎండల్లో బయటపెడితే అదీ గోరువెచ్చనవుతుంది!

పావుగంట, ఇరవై నిమిషాలు చూడండి. గోరువెచ్చని గ్లాసులో నురగ లేస్తుంది. మిగతా రెండింట్లో చెప్పుకోదగ్గ కదలిక ఉండదు. ఇప్పుడు చల్లటి గ్లాసును బయటికి తీసి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో నిలబెట్టండి. కాసేపటికి అందులోనూ నురగ మొదలవుతుంది. మరిగిన నీళ్ల గ్లాసును చల్లార్చి ఎంతసేపు కూర్చున్నా ఫలితం ఉండదు. ఆగిపోవడం వేరు, చచ్చిపోవడం వేరు. హార్ట్‌వెల్ పరిశోధన నిలబడింది ఆ తేడా మీదే.

బళ్లో సూక్ష్మదర్శిని ఉంటే నురగ లేచిన నీళ్లలో మరికొన్ని నీళ్లు కలిపి, ఒక చుక్క పలక మీద వేసి చూపించమని టీచరుగారిని అడగండి. గుండ్రటి కణాల మీద చిన్నా పెద్దా మొగ్గలు కనిపిస్తాయి. వాటిలో ఏది ముందు మొదలైందో, ఏది వెనక మొదలైందో చెప్పమని పిల్లల్నే అడగండి. జవాబు పుస్తకంలో వెతక్కుండా మొగ్గల వంక చూసి చెప్పనివ్వండి.